స్టీప్ మేలా, రైడర్స్ రిపబ్లిక్ మేలా?

హైదరాబాదులో మంచు మీద నడవాలంటే లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరున్న స్నో వరల్డ్‌కు టికెట్టు కొనుక్కుని వెళ్లాలి. ఇలాంటి ఊళ్లో ఉండి, హిమశిఖరం మీద నుంచి స్కీలు కట్టుకుని లోయలోకి జారడం ఎలా ఉంటుందో కొంతైనా తెలుసుకోవాలనుకునే వారికి ఓపెన్ వరల్డ్ (విశాలమైన పటంలో నచ్చిన చోటికి స్వేచ్ఛగా తిరగగలిగే) సాహస క్రీడల వీడియో గేములు నిజంగా ఒక వరం. ఈ కోవలో ముందుగా వినిపించే పేర్లు రెండు: 2016 డిసెంబరులో వచ్చిన స్టీప్, 2021 అక్టోబరులో వచ్చిన రైడర్స్ రిపబ్లిక్. రెండింటినీ తయారు చేసింది ఫ్రాన్సులో ఆల్ప్స్ పర్వతాల చెంతనే ఉన్న యూబీసాఫ్ట్ అన్నెసీ స్టూడియో. అందుకే రెండోది మొదటిదానికి మెరుగుపరచిన రూపమని, పాతదాన్ని ఇక పట్టించుకోనక్కర్లేదని చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించను. పైకి ఒకే రకంగా కనిపించినా ఈ రెండు గేములు కొండను చూసే తీరు పూర్తిగా వేరు.

స్టీప్‌లో కొండే ప్రధానం. ఆల్ప్స్ శ్రేణిలో ఎక్కడైనా ఆగి, బైనాక్యులర్ తీసి దూరపు శిఖరాలను పరిశీలించి, దిగడానికి అనువైన చోటును మనమే వెతికి పట్టుకోవాలి. స్కీలు, స్నోబోర్డు, వింగ్‌సూట్ (రెక్కలున్న ఎగిరే దుస్తులు), పారాగ్లైడర్ (గాలిలో తేలే గొడుగు) అనే నాలుగు సాధనాలూ ఎప్పుడూ చేతికందుబాటులోనే ఉంటాయి కనుక, జారుతూ వెళ్లి అంచు దగ్గర ఆగి, వింగ్‌సూట్‌కు మారి లోయలోకి దూకవచ్చు. వెనక్కి తిరిగి చూస్తే మెత్తటి మంచులో మనం గీసుకుంటూ వచ్చిన గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గీత ఎక్కడ వంకర తిరిగిందో, ఎక్కడ తడబడిందో గమనించి మళ్లీ పైకి వెళ్లి అదే వాలును ఇంకొంచెం నేర్పుగా దిగాలన్న కోరిక పుట్టడమే ఈ గేము సాధించిన గొప్ప విజయమని నా నమ్మకం. వింగ్‌సూట్‌లో నేలకు, రాళ్లకు ఎంత దగ్గరగా ఎగిరితే అన్ని పాయింట్లు వస్తాయి. భయాన్నే లెక్కలోకి తీసుకునే ఈ పద్ధతి సాహస క్రీడల స్వభావానికి చక్కగా సరిపోయింది.

లోపాలు లేకపోలేదు. పైకి లేచే గాలిని వెతుక్కుంటూ పారాగ్లైడర్‌తో నిదానంగా తేలడం ఓపిక లేనివారికి విసుగు పుట్టిస్తుంది. కొన్ని గంటలు ఆడిన తరువాత తెల్లని మంచు, నల్లని రాయి తప్ప కంటికి వేరే రంగు తగలదు. అలాస్కా ప్రాంతాన్ని తరువాత ఉచితంగానే చేర్చారు కానీ, 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌కు ముందు వచ్చిన కొరియా, జపాన్ కొండల కోసం విడిగా డబ్బు చెల్లించాలి.

రైడర్స్ రిపబ్లిక్ ఆ రంగుల కొరతను పూర్తిగా తీర్చింది. అమెరికాలోని యోసెమిటీ, సెకోయా, జయాన్, బ్రైస్ క్యాన్యన్, క్యాన్యన్‌ల్యాండ్స్, గ్రాండ్ టీటన్, మామత్ మౌంటెన్ అనే ఏడు ప్రాంతాలను పక్కపక్కనే అతికించి ఒకే పటంగా మలిచారు. అన్నిటికన్నా ముఖ్యంగా ఇందులో సైకిలు ఉంది. హైదరాబాదు బయటి వలయ రహదారి (ఓఆర్‌ఆర్) పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ మీద ఉదయం పూట తొక్కే అలవాటున్నవారికి ఈ గేము ఇట్టే దగ్గరవుతుంది. బ్రైస్ క్యాన్యన్‌లో ఎర్రటి రాతి అంచు మీద సన్నని దారిలో, సైకిలిస్టు కళ్లతో చూసే కెమెరాను ఎంచుకుని దిగితే, హ్యాండిల్ వణుకు, చక్రం కింద జారే కంకర, ఎగబీల్చే ఊపిరి అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఆ కొద్ది నిమిషాలకు స్టీప్‌లో సాటి వచ్చేది లేదు.

పడిపోయినప్పుడు రెండు గేములూ ఏం చేస్తాయన్నది నా దృష్టిలో అసలైన తేడా. రైడర్స్ రిపబ్లిక్‌లో ఒక బటన్ నొక్కి కాలాన్ని వెనక్కి తిప్పవచ్చు, కానీ పోటీదారులు మాత్రం ఆగకుండా ముందుకు సాగిపోతారు. కొత్తగా నేర్చుకునేవారికి, ముఖ్యంగా పిల్లలకు, ఇది మంచి వెసులుబాటు. స్టీప్‌లో ఆ వెసులుబాటు లేదు. పోటీలో పడితే లేచి సాగాలి, లేదంటే మొదటి నుంచి మొదలుపెట్టాలి. కష్టమే అయినా, వాలును చూసి జంకడం నేర్పేది ఈ కాఠిన్యమే.

కొత్త కన్సోళ్లలో (టీవీకి తగిలించి గేములాడే యంత్రాల్లో) 64 మంది ఒకేసారి పరుగు తీసే మాస్ రేసులు రైడర్స్ రిపబ్లిక్‌కు పెద్ద ఆకర్షణ. మొదటి మలుపులోనే సైకిళ్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి తొక్కిసలాట జరుగుతుంది, జిరాఫీ వేషం వేసుకున్నవారు కూడా మన పక్కనుంచే దూసుకుపోతారు. ఆ సందడి వారానికి ఒకసారి ఎంతో హుషారునిస్తుంది. అయితే ఆ ఉత్సాహమే గేమంతా పరుచుకుని, కొండ మీద ఒంటరిగా నిలబడ్డప్పుడు కూడా సంగీతం, వ్యాఖ్యానం, కొత్త స్పాన్సర్ల ప్రకటనలు వెంటపడతాయి. జెన్ మోడ్ పేరుతో పోటీలు లేకుండా తిరిగే వీలు కల్పించారు కనుక కొంత నయం.

రెండింటికీ ఉమ్మడిగా ఉన్న పెద్ద లోపం ఇంటర్నెట్ మీద ఆధారపడటం. ఒంటరిగా ఆడుతున్నా కనెక్షన్ ఉండి తీరాలి. జూన్‌లో ఈదురుగాలితో వాన మొదలై కాలనీలో కరెంటు పోతే, ఇన్వర్టర్ మీద టీవీ, కన్సోల్ నడిచినా వైఫై లేని కారణంగా ఆట ఆగిపోతుంది. ఇంతకన్నా ఆలోచించవలసిన సంగతి మరొకటి ఉంది. ఇదే యూబీసాఫ్ట్ ద క్రూ అనే కార్ల గేము సర్వర్లను 2024 మార్చి 31న మూసివేయడంతో, డిస్కు కొని దాచుకున్నవారు సైతం దాన్ని ఆడలేకపోయారు. కాబట్టి స్టీప్‌నైనా రైడర్స్ రిపబ్లిక్‌నైనా పూర్తి ధర పెట్టి కొనవద్దని, సేల్ వచ్చేదాకా ఆగమని గట్టిగా చెబుతాను. స్టీప్ విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం, ఎందుకంటే అది పాతది.

ఒంటరిగా, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, రాత్రి పూట ఒక గంట ఆడుకునే పెద్దవారైతే స్టీప్‌నే ఎంచుకోవాలి. సైకిలంటే ఇష్టమున్నవారు, ఆన్‌లైన్‌లో స్నేహితులున్నవారు, పీఎస్5 వంటి కొత్త కన్సోల్ మీద చురుకైన కదలికను కోరుకునేవారు రైడర్స్ రిపబ్లిక్‌కు వెళ్లవచ్చు. సెలవుల్లో పిల్లలంతా ఒకే టీవీ ముందు కూర్చునే ఇంటికి మాత్రం ఈ రెండూ సరిపడవు, ఎందుకంటే తెరను రెండుగా విడగొట్టి ఇద్దరు కలిసి ఆడే వీలు ఏ ఒక్కదానిలోనూ లేదు. అలాంటి ఇంటికి 2019లో వచ్చిన లోన్లీ మౌంటెన్స్: డౌన్‌హిల్ అనే, సైకిలు మీద కొండ దిగే గేము తగినది. అది ఓపెన్ వరల్డ్ కాదు, పారాగ్లైడర్లూ వింగ్‌సూట్లూ లేవు, కానీ ఇంటర్నెట్ లేకుండా నడుస్తుంది. పైగా ఒక్కో దిగుడు కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది కనుక, పడినవారు కంట్రోలర్‌ను పక్కవారికి అందిస్తూ వంతులవారీగా ఆడుకోవచ్చు.