ఎంఎస్‌ఐ బీ550ఎం ప్రో-వీడీహెచ్ వైఫై: పాత మానిటర్ ఉన్న ఇంటికి ఒక మదర్‌బోర్డు

మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువు కోసం ఇంట్లోనే ఒక డెస్క్‌టాప్ అసెంబుల్ చేయాలనుకున్నప్పుడు ప్రాసెసర్ సంగతి అరగంటలో తేలిపోయింది గానీ, మదర్‌బోర్డు దగ్గర మాత్రం రెండు వారాలు తర్జనభర్జన పడ్డాను. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనే ఉద్దేశం లేనందున, గ్రాఫిక్స్ తనలోనే ఉన్న ఏఎండీ రైజెన్ 5 5600జీ తీసుకున్నాం. అది ఏఎం4 సాకెట్‌లో (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) పట్టే ప్రాసెసర్. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌కు వెళ్ళి ఉంటే ముందు ముందు ప్రాసెసర్ మార్చుకోవడానికి ఎక్కువ అవకాశం ఉండేది. అయితే దానికి డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి, బోర్డు ధర కూడా ఎక్కువే కనుక ఆ ఆలోచన మానుకున్నాను.

ఈ బోర్డునే ఎంచుకోవడానికి అసలు కారణం దాని వెనుక వైపున ఉన్న నీలిరంగు వీజీఏ పోర్టు. మా ఇంట్లో ఉన్న మానిటర్ చాలా పాతది, వీజీఏ కేబుల్ తప్ప మరొకటి ఎరుగనిది. బీ550 (బోర్డు మీది పోర్టులను, స్లాట్లను నడిపే చిప్‌సెట్ పేరు) తరం బోర్డుల్లో చాలావాటికి ఆ పోర్టు లేదు. దీనికి వీజీఏ, హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్టు మూడూ ఉన్నాయి; పాతకాలపు గుండ్రటి పిన్ను కీబోర్డు కోసం పీఎస్/2 కూడా ఉంది. కొన్ని వందలు పెట్టి కన్వర్టర్ కొనుక్కుంటే ఏ బోర్డైనా సరిపోతుంది కదా అని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక దుకాణదారు అన్నారు. ఆయన మాట నిజమే. కాకపోతే, ఉన్న మానిటర్‌ను మరో రెండేళ్ళు వాడుకుని, ఆ తర్వాత కొత్త మానిటర్‌కు అదే బోర్డు నుంచి హెచ్‌డీఎంఐ తగిలించుకునే వీలు నాకు ఎక్కువ నచ్చింది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ వంటివి ప్రాసెసర్‌తో మాట్లాడే దారిని పీసీఐఈ అంటారు. బీ550 గొప్పగా చెప్పుకునే పీసీఐఈ 4.0 వేగం 5600జీతో అందదు. ఆ ప్రాసెసర్ పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోతుంది కనుక, ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డు మీదే పెట్టే మొదటి ఎం.2 స్లాటులో ఎంత ఖరీదైన నాలుగో తరం ఎస్‌ఎస్‌డీ పెట్టినా అది మూడో తరం వేగంతోనే నడుస్తుంది. అందుకే నేను మామూలు మూడో తరం ఎస్‌ఎస్‌డీ తీసుకుని ఆ డబ్బు ర్యామ్ మీద పెట్టాను. ఎప్పటికీ 5600జీతోనే ఉండిపోయేవారికి పీసీఐఈ 3.0 వరకే ఉన్న ఏ520 చిప్‌సెట్ బోర్డు చాలు. ఎప్పుడో ఒకప్పుడు గ్రాఫిక్స్ కార్డు, దానితో పాటు పీసీఐఈ 4.0 ఉన్న రైజెన్ ప్రాసెసర్ తెచ్చుకుంటామనే వారికే ఈ అదనపు ఖర్చు గిట్టుబాటు అవుతుంది. నాలుగు ర్యామ్ స్లాట్లు, రెండు ఎం.2 స్లాట్లు, హార్డ్ డిస్కుల వంటివి తగిలించే నాలుగు సాటా పోర్టులు మా అవసరానికి మించే ఉన్నాయి.

బీ550 చిప్‌సెట్ 2020లో వచ్చింది, 5600జీ 2021లో వచ్చింది. అంటే మరీ పాత సరుకు చేతికొస్తే, అందులోని బయోస్‌కు (కంప్యూటర్‌ను ముందుగా మేల్కొలిపే ప్రోగ్రాము) ఈ ప్రాసెసర్ తెలియకపోవచ్చు. బోర్డు వెనుక ఉన్న ఫ్లాష్ బయోస్ బటన్ విలువ అప్పుడు తెలుస్తుంది. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో కొత్త బయోస్ ఫైలును కంపెనీ చెప్పిన పేరుతో వేసి, అందుకోసం గుర్తు వేసి ఉన్న యూఎస్‌బీ పోర్టులో పెట్టి, ఎస్ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె) నుంచి వచ్చే 24 పిన్నుల, 8 పిన్నుల కేబుళ్ళు రెండూ తగిలించి ఆ బటన్ నొక్కితే చాలు; ప్రాసెసర్, ర్యామ్ లేకుండానే పని పూర్తవుతుంది. నేను ముందుజాగ్రత్తగా ఈ పని ముందే చేసుకున్నాను. కరెంటు పోతే బయోస్ ఎక్కించడం మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది కనుక యూపీఎస్ మీద పెట్టి చేయడం మంచిది.

బిగించేటప్పుడు నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ప్రాసెసర్‌తో వచ్చిన కూలర్. అది స్క్రూలతో బిగించే రకం కనుక, బోర్డు మీద సాకెట్‌కు రెండు పక్కలా ఉన్న ప్లాస్టిక్ పట్టీలను ముందుగా విప్పాలి. ఆ నాలుగు స్క్రూలు ఊడదీయగానే బోర్డు అడుగున ఉన్న లోహపు పలక పట్టు తప్పి కింద పడిపోతుంది. బోర్డును ముందే కేబినెట్‌లో బిగించేసినవారు దాన్ని చేత్తో పట్టుకోవడానికి నానా అవస్థా పడతారు. బోర్డును దాని పెట్టె మీదే ఉంచి, ప్రాసెసర్ మూలన ఉన్న బంగారు త్రికోణాన్ని సాకెట్ గుర్తుతో కలిపి, ఏమాత్రం నొక్కకుండా వదిలి, లివరు దించి, కూలర్ స్క్రూలను ఎదురెదురు మూలల క్రమంలో కొద్దికొద్దిగా బిగించిన తర్వాతే కేబినెట్ వైపు వెళ్ళాలి.

నేను చేసిన తప్పులు రెండు. బోర్డు బిగించి, కేబుళ్ళన్నీ తగిలించాక చూస్తే, వెనుక పోర్టుల చుట్టూ అమర్చాల్సిన రేకు బల్ల మీదే ఉంది. అన్నీ విప్పి మళ్ళీ మొదలుపెట్టాను. అలా విప్పినప్పుడే, ఈ సైజు బోర్డుకు అక్కర్లేని చోట కేబినెట్‌లో ఒక ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును ఎత్తి పట్టే చిన్న మేకు) ఉండిపోయిందని గమనించాను. అది బోర్డు అడుగున తగిలి షార్ట్ అయ్యే అవకాశం ఉంది. రేకు మరిచిపోవడం ఆ రకంగా మేలే చేసింది.

మొదటిసారి స్విచ్ నొక్కితే ఫ్యాన్ తిరిగింది, తెర మీద ఏమీ రాలేదు. బోర్డు అంచున ఉండే ఈజీ డీబగ్ దీపాల్లో ర్యామ్‌కు సంబంధించినది వెలుగుతూ ఉండడంతో వెతుకులాట తప్పింది. ఒక ర్యామ్ ఒక చివర పూర్తిగా దిగలేదు. టక్కున శబ్దం వచ్చేదాకా నొక్కాక అంతా సరిపోయింది. రెండే ర్యాములు ఉంటే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాటుల్లో పెట్టాలి. 5600జీలోని గ్రాఫిక్స్ వాడుకునేది కూడా ఈ ర్యామునే కనుక, ఒకే 16 జీబీ ర్యామ్ కంటే రెండు 8 జీబీ ర్యాములు ఎంతో నయం. బయోస్‌లో ఏ-ఎక్స్‌ఎంపీ అనే అమరికను ఆన్ చేస్తే గానీ మా 3200 ర్యామ్ దాని పూర్తి వేగాన్ని అందుకోలేదు.

బోర్డులో నాకు తక్కువగా అనిపించినది వైఫై. అది ఏసీ, అంటే వైఫై 5 తరానిది. పాఠాలు వినడానికి, వీడియోలు చూడడానికి ఇబ్బంది లేదు గానీ, ఇంట్లో వైఫై 6 రౌటర్ ఉన్నవారికి దాని వేగం ఈ బోర్డు వరకు రాదు. రౌటర్ పక్క గదిలోనే ఉన్నవారు వైఫై లేని ఇదే బోర్డు తీసుకుని ల్యాన్ కేబుల్ లాక్కోవడం మేలని నా అభిప్రాయం.

ఏడాదిన్నరగా మా అమ్మాయి దీని మీదే పని చేసుకుంటోంది. రెండో ఎం.2 స్లాటు ఇంకా ఖాళీగానే ఉంది. దాని చిన్న స్క్రూను మాత్రం, తర్వాత వెతుక్కునే బాధ లేకుండా, బిల్లుతో పాటు ఒక కవరులో వేసి బీరువాలో పెట్టాను.