పసివాడి గజ్జలో హెర్నియా: ఇప్పుడే ఆపరేషనా, ఏడాది ఆగాలా?

మా బాబుకి మూడో నెలలోనే హెర్నియా ఆపరేషన్ అయిందని తెలిసిన దగ్గర్నుంచి తెలిసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు. "అంత పసిగుడ్డుకి కత్తి ఎందుకు, కాస్త పెద్దయ్యాక చేయిస్తే పోయేదిగా?"

నిజానికి మేమూ ఆగుదామనే అనుకున్నాం. ఓ రోజు మా అత్తయ్య కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తుంటే వాడు గుక్కపట్టి ఏడ్చాడు. కుడి గజ్జలో రేగుపండంత ఉబ్బు! పాలు తాగి నిద్రపోయాక చూస్తే లేదు. డాక్టరు చూసినప్పుడూ కనబడలేదు. ఫోన్లో తీసిన ఫొటోనే అక్కరకొచ్చింది.

ఆగమనేవాళ్ల భయమంతా మత్తు గురించి. అది ఉత్త భయం కాదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి మత్తు తర్వాత ఊపిరి ఆగి ఆగి వచ్చే ప్రమాదం ఉంటుంది, అందుకే వాళ్లని ఆ రాత్రి ఆస్పత్రిలోనే ఉంచి కనిపెట్టుకుంటారు. మావాడు నెలలు నిండి పుట్టినవాడు. ఇక మెదడు సంగతంటారా, ఇదే ఆపరేషన్ చేయించుకున్న పసిపిల్లల్ని ఐదేళ్ల వయసులో పరీక్షించిన అధ్యయనం 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. గంటలోపు పూర్తి మత్తులో ఉన్నవాళ్లకీ, నడుముకి ఇంజెక్షన్ ఇచ్చి మెలకువగా ఉంచినవాళ్లకీ తెలివితేటల్లో తేడా కనబడలేదు.

సరే, ఆగితే ఒరిగేదేమిటి? గజ్జలో హెర్నియా దానంతటది మూసుకోదు. తల్లి కడుపులో ఉండగా వృషణం కిందికి దిగిన దారి పూడకుండా మిగిలిపోయిన సంచి అది. అందులో పేగు ఇరుక్కునే ప్రమాదం మొదటి ఏడాదిలోనే ఎక్కువ. ఇరుక్కుంటే ఉబ్బు గట్టిపడి లోపలికి పోదు, బిడ్డ ఏడుపు ఆపడు, వాంతులు మొదలవుతాయి. పేగుకీ వృషణానికీ రక్తం అందకుండా పోవచ్చు. నన్ను ఒప్పించింది ఈ ఒక్క విషయమే. పిల్లల సర్జన్, పసివాళ్లకి మత్తివ్వడంలో చెయ్యి తిరిగిన డాక్టరు ఇద్దరూ ఉన్న ఆస్పత్రి మా ఊరికి కారులో రెండున్నర గంటలు. అర్ధరాత్రి అలా అయితే? ఆ టెన్షన్‌తో ఏడాది గడపలేక, ఎలాగూ తప్పని ఆపరేషన్‌కి తారీఖు మేమే పెట్టుకున్నాం. ఆస్పత్రి పక్క వీధిలో ఉన్నా అదే చేసేదాన్నేమో.

కోతా, చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే లాపరోస్కోపీయా అన్నదాని మీద నేను పెద్దగా బుర్ర పెట్టలేదు. లాపరోస్కోపీలో రెండో వైపు గజ్జలో కూడా హెర్నియా ఉందేమో తొంగి చూడొచ్చు. మా డాక్టరుకి అలవాటైనది గజ్జ మడతలో చిన్న కోత. సంచి మెడ దగ్గర ముడేసి కుట్టేశారు, పెద్దవాళ్లకి వేసినట్టు మెష్ (బలానికి పెట్టే వల) వేయరు. సాయంత్రానికి ఇంటికొచ్చేశాం.

బొడ్డు హెర్నియా సంగతి వేరు. అది చాలామందికి నాలుగైదేళ్లలోపు దానంతటదే మూసుకుంటుంది. బిళ్ల పెట్టి కట్టు కట్టకండి, చర్మం పుండు పడుతుంది. వట్టి నీరు చేరిన వరిబీజమైతే ఏడాది, రెండేళ్లు చూస్తారు. అది వట్టి నీరేనని తేల్చాల్సింది మాత్రం డాక్టరే.

ఆడపిల్లలకీ గజ్జలో హెర్నియా వస్తుంది. చిన్న గోళీలా తగిలితే అది అండాశయం కావచ్చు. ఇంట్లో లోపలికి నెట్టాలని చూడకుండా వెంటనే తీసుకెళ్లండి.