‘వాకింగ్ విత్ బీస్ట్స్’ పదేపదే చూశాక: ఏది నిలిచింది, ఏది నిలవలేదు

2001లో బీబీసీ ప్రసారం చేసిన ‘వాకింగ్ విత్ బీస్ట్స్’ మొత్తం ఆరు భాగాలు, ఒక్కోటి అరగంట. డైనోసార్లు పోయాక భూమిని ఏలిన క్షీరదాల కథ. ప్రాచీన క్షీరదాల మీద ముందుగా ఏం చూడాలని అడిగితే ఇప్పటికీ దీన్నే చెబుతాను. కాకపోతే ఒక్కసారి చూసి వదిలేస్తే దీని బలమూ తెలియదు, లోపమూ తెలియదు. శిలాజాల వివరాలు పక్కన పెట్టుకుని, ఆపుకుంటూ చూస్తేనే రెండూ బయటపడతాయి.

అన్నిటిలోకీ రెండో భాగం గొప్పది. 3.6 కోట్ల ఏళ్ల కిందటి టెథిస్ అనే, ఇప్పుడు లేని సముద్రం, అందులో ఆకలితో తిరుగుతున్న చూలు బాసిలోసారస్. పాములా పొడవైన తిమింగలం అది. చివరికి డోరుడాన్ అనే చిన్న తిమింగలాల గుంపు మీద పడి వాటి పిల్లల్ని తింటుంది. ప్రసారమయ్యేనాటికి ఇది చాలావరకు ఊహే. 2012లో ఈజిప్టు శిలాజాల మీద చేసిన పరిశోధనలో, డోరుడాన్ పిల్లల పుర్రెల మీది గాట్లు బాసిలోసారస్ పళ్లకు సరిపోయాయి. 2019లో అయితే ఈజిప్టులోని వాదీ అల్ హితాన్‌లో దొరికిన ఒక బాసిలోసారస్ కడుపు ఉండే చోట డోరుడాన్ పిల్లల ఎముకలు కూడా ఉన్నట్టు ప్రకటించారు. పళ్ల తీరు, ఒకే చోట దొరికిన జంతువులు... వీటిని చూసి కట్టిన ఊహ కనకే నిలబడింది.

అదే భాగంలో అదే తీరాన ఆండ్రూసార్కస్ అనే భారీ క్షీరదం కనిపిస్తుంది. నాకున్న పెద్ద ఫిర్యాదు దీని మీదే. ఈ జంతువుకు ముఖ్య ఆధారం 1923లో ఇన్నర్ మంగోలియాలో దొరికిన ఒకే ఒక్క పుర్రె. పొడవు 83 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, కింది దవడ లేదు. మెడ నుంచి తోక దాకా మిగతాదంతా ఊహే. దాని వంశం లెక్క కూడా తర్వాత మారింది, ఇప్పుడు ఎంటెలోడాంట్ల (పందిలా కనిపించే, అంతరించిన జంతువులు) దగ్గరి చుట్టంగా చూస్తున్నారు. తెర మీద మాత్రం బొచ్చు, తోక, నడక అన్నీ కళ్లారా చూసి తీసినట్టే ఉంటాయి. నిండు అస్థిపంజరం ఉన్న జంతువుకూ ఒక్క పుర్రె ఉన్న జంతువుకూ వ్యాఖ్యానంలో గొంతు ఒకటే. చూసేవాడికి తేడా తెలిసే దారే లేదు. ఈ తరహా డాక్యుమెంటరీలన్నిటికీ ఉన్న జబ్బు ఇది.

మొదటి భాగం జరిగేది జర్మనీలోని మెసెల్ అనే శిలాజాల చోట. అక్కడి శిలాజాల్లో పొట్టలో ఉన్న తిండి సహా మిగిలింది. ప్రోపాలియోథీరియం అనే చిన్న గుర్రం ఆకులూ పండ్లూ తినేదని అలాగే తెలిసింది. ఆ సన్నివేశాలు ధైర్యంగా నమ్మొచ్చు. కానీ అదే అడవిలో గాస్టోర్నిస్ అనే ఎగరలేని భారీ పక్షిని వేటగాడిగా చూపించారు. తర్వాత ఎముకల్లోని కాల్షియం ఐసోటోపులను (తిండి రకాన్ని బట్టి పాళ్లు మారే కాల్షియం రూపాలను) పరీక్షిస్తే అది శాకాహారి అనే వైపు తేలింది. అక్కడి చెరువులో ఈదే అంబులోసీటస్ అనే కాళ్లున్న తొలి తిమింగలం అసలు దొరికింది పాకిస్తాన్‌లో.

అయిదో భాగంలోనూ ఇలాంటి పొరపాటే ఉంది. 10 లక్షల ఏళ్ల కిందటి దక్షిణ అమెరికాలో కత్తి కోరల పిల్లి స్మైలోడాన్‌తో పాటు ఫోరుస్‌రాకోస్ పక్షిని పెట్టారు. అది అంతకు కోటి ఏళ్లకు పైగా ముందే అంతరించింది.

2001 నాటికి గ్రాఫిక్స్‌లో బొచ్చు చూపించడం చాలా కష్టం. అందుకే దగ్గరి షాట్లకు యాంత్రిక బొమ్మ తలలు వాడారు. దగ్గరి షాట్ నుంచి దూరపు షాట్‌కు మారిన క్షణాన ఆపి చూడండి, బొచ్చు మెరుపూ ముక్కు చుట్టూ తడీ మారిపోతాయి. ఇది నాకు లోపంగా అనిపించదు. బొమ్మ తలకు బరువుంటుంది, నోరు తెరిస్తే నిజంగా తెరుచుకున్నట్టుంటుంది. అరుపులు, చారలు, రంగులు మాత్రం ఎప్పుడూ ఊహగానే తీసుకోవాలి. మంచులో చర్మంతో సహా దొరికిన మామత్ లాంటివి అరుదు.

మన నేల మీద జరిగే కథ ఆరు భాగాల్లోనూ లేదు. తిమింగలాల తొలి బంధువు ఇండోహియస్ శిలాజాలను జమ్మూ ప్రాంతపు కాలాకోట్ దగ్గర సేకరించింది భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు. అందులోని చెవి ఎముక తిమింగలాల చెవిలాంటిదేనని 2007లో ప్రకటించారు, కాబట్టి దీన్ని వదిలేశారని 2001 నాటి వాళ్లను తప్పుపట్టలేం. నేటి తెలంగాణలోని నస్కల్ దగ్గర దొరికిన డెక్కనోలెస్టిస్‌ను మాత్రం 1988లోనే ప్రకటించారు. దక్కన్ లావా పొరల మధ్య మట్టిలో దొరికిన పళ్లవి, కంటికి ఆనడమే కష్టం. డైనోసార్లు ఇంకా తిరుగుతుండగానే ఇక్కడ బతికిన చిన్న క్షీరదం అది. మట్టిని నీళ్లలో నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగి, మిగిలిన నలుసుల్ని సూక్ష్మదర్శిని కింద ఏరితే గానీ ఇలాంటి పళ్లు దొరకవు. ఆ పనిని చూపిస్తే పది నిమిషాలు కదలకుండా చూస్తాను.

చూసేటప్పుడు ప్రతి జంతువు దగ్గరా ఆపి మూడు సంగతులు రాసుకోండి: ఎంత ఎముక దొరికింది, ఎక్కడ దొరికింది, ఏ కాలానిది. మూడూ తెర మీది కథకు సరిపోతే నమ్మండి. ఒక్కటి తప్పినా ఆ జంతువు ప్రవర్తన మీద ఆశలు పెట్టుకోవద్దు. పేర్లు కూడా చూసుకోండి: మూడో భాగంలో ఇండ్రికోథీరియం అన్న, కొమ్ములేని భారీ ఖడ్గమృగ బంధువు గురించి ఇప్పటి పుస్తకాల్లో పారాసెరాథీరియం కింద వెతకాలి.

కొత్తగా చూసేవాళ్లు రెండో భాగంతో మొదలుపెట్టి, మొదటిదీ మూడోదీ చూసి, అయిదోది చివరికి ఉంచుకోండి. చిన్నపిల్లలుంటే ముందు మీరు ఒకసారి చూడండి, వేట దృశ్యాల్లో పిల్ల జంతువులు చచ్చిపోతాయి.