మాట్‌ప్లాట్‌లిబ్ త్రీడీ పటాలు వెక్టర్ ఫైలులో ఎలా వస్తాయి?

త్రీడీ ఉపరితలాలను అచ్చుకు పనికివచ్చే వెక్టర్ ఫైలుగా, అంటే బొమ్మను పిక్సెళ్లుగా కాక గీతలూ ఆకారాలుగా దాచే ఫైలుగా, భద్రపరచడంలో పైథాన్‌లో పటాలు గీసే మాట్‌ప్లాట్‌లిబ్‌ను ఏ మేరకు నమ్మవచ్చో చూడాలని జీను ఆకారాన్ని, అంటే జెడ్ = ఎక్స్² − వై² పటాన్ని తీసుకున్నాను. పీడీఎఫ్‌ను 16 రెట్లు పెద్దది చేసి చూసినా అక్షాలూ అంకెలూ అంచు చెదరలేదు. ఉపరితలాన్ని కూర్చే చిన్న చిన్న పలకల మధ్య మాత్రం సన్నని తెల్లగీతలు వలలా కనిపించాయి. అవి ఫైలులోని గీతలు కావు. ఆనుకుని ఉన్న రెండు పలకల అంచులను పీడీఎఫ్ రీడర్ విడివిడిగా నునుపు చేసినప్పుడు వెనుకనున్న తెలుపు తొంగిచూస్తుంది. పలకకు దాని రంగుతోనే పలుచని అంచు వేస్తే సరిపోతుంది.

అసలు చిక్కు లోతు దగ్గర వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఒక్కో పిక్సెల్‌కూ ఏది ముందుందో లెక్కగడుతుంది. వెక్టర్ ఫైలులో పిక్సెళ్లే ఉండవు కనుక దూరపు పలకను ముందు గీసి, దగ్గరిదాన్ని దానిమీద పూయవలసి ఉంటుంది. మాట్‌ప్లాట్‌లిబ్ ఆ వరుసను మామూలుగా పలక మూలల సగటు లోతును బట్టి నిర్ణయిస్తుంది. జీను ఒక్కటే ఉన్నంతవరకు ఈ పద్ధతికి వంక పెట్టలేం. దాని నడుమగా ఒక సమతలాన్ని పంపితే మాత్రం అవి రెండు వేర్వేరు వస్తువులుగా లెక్కకు వచ్చి, ఒకటి మొత్తం ముందుకూ మరొకటి మొత్తం వెనక్కూ పోతాయి. ఖండన రేఖ జాడే ఉండదు. రెండింటినీ ఆ రేఖ వెంబడి ముక్కలు చేసి గీయడమే దీనికి మందు, అది కాస్త ఓపిక పరీక్షించే పనే. అయినా తెరమీద కూడా ఇదే పద్ధతి కాబట్టి తప్పు ముందుగానే కంటపడుతుంది. తెరమీద ఒకటి చూపి, ఫైలులో మరొకటి చేతికిచ్చే సాఫ్ట్‌వేర్ కంటే ఇది ఎంతో నయమని నా అభిప్రాయం.

ఫైలు బరువు సంగతి కూడా చూసుకోవాలి. ఉపరితలాన్ని రెండు దిశల్లో గరిష్ఠంగా ఎన్ని బిందువులతో గీయాలో చెప్పే ఆర్‌కౌంట్, సీకౌంట్‌ల మామూలు విలువ 50. 50 × 50 బిందువుల జాలకానికి 2,401 పలకలు వస్తాయి. అదే 200 × 200 జాలకాన్ని పూర్తిగా గీయిస్తే 39,601 అవుతాయి, పేజీ తెరిచిన ప్రతిసారీ రీడర్ వాటన్నిటినీ మళ్లీ గీయాలి. అలాంటప్పుడు ఉపరితలానికి మాత్రమే రాస్టరైజ్డ్ (పిక్సెళ్ల బొమ్మగా మార్చే) ఆప్షన్ పెట్టి, అక్షాలనూ అక్షరాలనూ వెక్టర్‌గానే ఉంచడం మేలు. కాకపోతే డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) మామూలుగా 100 మాత్రమే కనుక దాన్ని 600కు పెంచడం మరవకూడదు.

ఈపీఎస్ అనే మరో వెక్టర్ ఫైలు రకం జోలికి మాత్రం నేను వెళ్లను. అందులో పారదర్శకత నిలవదు, వెనుక భాగం కనిపించాలని పలుచగా వేసిన ఉపరితలం గట్టి రంగుతో అంతా కప్పేస్తుంది.