హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: ఏజెంటు లెక్క 16 గంటలు, మాకు పట్టింది 28న్నర

"రాత్రి పదిలోపు హైదరాబాద్‌లో ఎక్కితే మర్నాడు మధ్యాహ్నం రెండింటికల్లా దిగిపోతారమ్మా, 16 గంటలే." టికెట్లు వేసిన ఏజెంటు మా అమ్మకి ఫోన్లో చెప్పిన మాట ఇది. టికెట్ మీదా అలాగే ఉంది. 9:50కి బయల్దేరడం, మర్నాడు 1:50కి దిగడం. కాకపోతే మే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో టైము మనకంటే 12న్నర గంటలు వెనక. అది కలిపితే 28న్నర. కాగితం మీద వేసి చూపించినా అమ్మ వినలేదు. "రోజూ టికెట్లు వేసేవాడికి తెలీదా, నీకు తెలుసా?" అంది.

ఆయన మాట నమ్మేలాగే ఉంటుంది మరి. ఈ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య తిన్నగా కొలిస్తే దాదాపు 13,500 కిలోమీటర్లు. గంటకి 900 చొప్పున 15 గంటలు. కానీ మా టికెట్ దుబాయ్ మీదుగా. అక్కడికి 2,500 పైచిలుకు, అక్కణ్ణుంచి మళ్లీ 13,000. అంటే నాలుగు గంటలు పడమరకి ఎగిరి, అంత దూరమూ ఇంకా మిగిలే ఉందన్నమాట!

అసలు మంట దుబాయ్‌లో. అర్ధరాత్రి 12:15కి దిగాం, తర్వాతి విమానం ఉదయం 8:50కి. "మధ్యలో హోటల్ ఫ్రీ" అని కూడా ఏజెంటే చెప్పాడు. కౌంటర్లో అమ్మాయి టికెట్ చూసి, ఈ ధరకి హోటల్ రాదని మర్యాదగానే చెప్పింది. ఏజెంటుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. అమ్మకి కాళ్లు వాచిపోయాయి, కుర్చీలో ఒరగడం కుదరదు. ఎయిర్‌పోర్టు లోపలే ఉన్న హోటల్లో ఆరు గంటలకి 620 దిర్హమ్‌లు కట్టాం. దాదాపు 14,500 రూపాయలు! కిటికీ లేని గది, రెండు చిన్న నీళ్ల సీసాలు, వేడినీళ్లు అడిగితే అరగంట. దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. అమ్మ పడుకోలేదు. బీపీ మాత్ర ఏ ఊరి టైముకి వేసుకోవాలో తేల్చుకోలేక ఏజెంటుని తిడుతూ కూర్చుంది. అప్పటికి నా లెక్క మీద నమ్మకం కుదిరింది.

వీల్‌చెయిర్ సేవ మాత్రం బంగారం. టికెట్‌తోపాటే అడిగి పెట్టుకున్నాం, పైసా తీసుకోలేదు. ఆ కుర్రాడు అమ్మని గేటు దాకా తీసుకెళ్లి, మధ్యలో బాత్రూమ్ దగ్గర ఓపిగ్గా ఆగాడు.

తర్వాత 16 గంటలు నిద్రలోనే పోయాయి.

పెద్దవాళ్లతో వెళ్తే నా ఓటు ఢిల్లీకే. ఢిల్లీ మీదుగా మొత్తం దాదాపు 13,640 కిలోమీటర్లు, తిన్నటి దారికి వంద మాత్రమే ఎక్కువ. ఆ రోజు మనిషికి 9,200 రూపాయలు తేడా అని వద్దనుకున్నాం, అలా మిగిలినదాంట్లో చాలావరకు హోటల్‌కే పోయింది. అలాగని కిలోమీటర్లే చూడొద్దు. 2016లో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని పసిఫిక్ మీదుగా తిప్పింది. దారి 15,300 కిలోమీటర్లకి పెరిగినా, వెనక గాలి తోసుకెళ్లడంతో 14న్నర గంటల్లోనే చేరింది. టికెట్ కొనేటప్పుడు దిగే టైములోంచి ఎక్కే టైము తీసేసి లెక్క వేసుకోకండి. "మొత్తం ప్రయాణ సమయం" అని విడిగా రాసి ఉంటుంది, అది చూడండి. హోటల్ ఫ్రీ అంటే మెసేజ్‌లో రాసి పంపమనండి. మా ఏజెంటుని తిరుగు ప్రయాణం గురించి అలా అడిగితే, ఇంతవరకూ జవాబు లేదు.