‘55 మి.మీ. రెడీ కిట్’ అన్నారని కొనేయకండి, కొలిచి చూసుకోండి

టెలిస్కోప్‌కి కెమెరా తగిలించి ఫొటోలు తీసేటప్పుడు రెడ్యూసర్ (ఫోకల్ లెంగ్త్‌ని కుదించే కటకాల గొట్టం) వెనక అంచు నుంచి కెమెరా సెన్సర్‌కి ఉండాల్సిన దూరాన్ని బ్యాక్ ఫోకస్ అంటారు, చాలావాటికి అది 55 మి.మీ. అని రాస్తారు. ఆ రెడ్యూసర్‌తో పాటు స్పేసర్లన్నీ (దూరం కుదిర్చే రింగులు) కలిపి ‘55 మి.మీ. రెడీ కిట్’ అని అమ్మేవి కొనబోతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. నేను కొన్నాను. మూడు నెలలు వృథా అయ్యాయి.

నాది 80 మి.మీ. ట్రిప్లెట్ (ముందు మూడు కటకాలుండే టెలిస్కోప్), ఎఫ్/6, ఫోకల్ లెంగ్త్ 480 మి.మీ. దానికి 0.8 రెడ్యూసర్. కెమెరా ఏపీఎస్-సీ సైజు సెన్సర్ ఉన్న కూల్డ్ కలర్ కెమెరా. కొనేముందే అమ్మేవాడిని అడిగాను: “నా కెమెరాలో సెన్సర్ 17.5 మి.మీ. లోపలికి ఉంటుంది, మధ్యలో 21 మి.మీ. ఫిల్టర్ డ్రాయర్ (ఫిల్టర్ గాజు పెట్టే అర) పెడతాను, సరిపోతుందా?” అని. “మీరేం లెక్కలేసుకోనక్కర్లేదండీ, 16.5 రింగు కిట్‌లోనే ఉంది, బిగించుకోవడమే” అన్నాడు. 17.5, 21, 16.5 కలిపితే సరిగ్గా 55. ఇంకేం, డబ్బు కట్టేశాను.

పెట్టె వచ్చిన రోజు నుంచి మబ్బులు. కొత్త టెలిస్కోప్ సామాను కొంటే మబ్బులు ఉచితమని ఈ పిచ్చి ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆకాశం తేటపడేసరికి వాపసు గడువులో రెండు రోజులే మిగిలాయి. మొదటి ఫొటో మధ్యలో చుక్కలు చక్కగా, గుండ్రంగా వచ్చాయి. మూలలకి వెళ్లి జూమ్ చేస్తే వడ్లగింజల్లా సాగిపోయి, అన్నీ మధ్యలోంచి బయటికి పరిగెడుతున్నట్టున్నాయి.

అమ్మినతనికి ఫొటో పంపితే మొదట “ఫోకస్ సరిగ్గా చేసుకోండి” అన్నాడు. మర్నాడు “మీ కెమెరాలో టిల్ట్ ఉంది” అన్నాడు, అంటే సెన్సర్ ఒక పక్కకి ఒరిగిందని. ఆ మర్నాటికి గడువు అయిపోయింది. తెలివితక్కువతనం నాది కూడా: అతని మాట పట్టుకుని వారాల తరబడి కెమెరా ముందున్న టిల్ట్ ప్లేట్ మరలు తిప్పుతూ కూర్చున్నాను. లేని టిల్ట్‌ని నేనే తెచ్చిపెట్టుకున్నాను.

టిల్ట్‌కీ బ్యాక్ ఫోకస్ తప్పుకీ తేడా చూడటం పెద్ద కష్టం కాదు, నేనే ఆలస్యంగా చూశాను. టిల్ట్ అయితే ఒక పక్క బాగుండి, ఎదురుపక్క చెడుతుంది. నాలుగు మూలలూ సమానంగా చెడ్డాయంటే చూడాల్సింది దూరాన్ని. సాధారణంగా చుక్కలు మధ్య నుంచి మూలకి సాగితే సెన్సర్ రెడ్యూసర్‌కి మరీ దగ్గరగా ఉన్నట్టు. మధ్య చుట్టూ గుండ్రంగా తిరుగుతున్నట్టు సాగితే దూరం ఎక్కువైనట్టు. కొన్ని డిజైన్లలో ఇది తిరగబడుతుంది కాబట్టి ఒక మి.మీ. పెంచి ఏ వైపు మారుతోందో చూడటమే నయం.

ఇంకో ఆధారం మొదటి రాత్రే నా కళ్లముందుంది, పట్టించుకోలేదు. ప్లేట్ సాల్వ్‌లో (ఫొటోలోని చుక్కల్ని నక్షత్రాల పట్టికతో పోల్చే సాఫ్ట్‌వేర్ లెక్కలో) ఫోకల్ లెంగ్త్ 391 వచ్చింది. 480కి 0.8 అంటే 384 రావాలి. రెడ్యూసర్ నుంచి సెన్సర్ ఎంత దగ్గరైతే అంత తక్కువ కుదిస్తుంది, అంటే ఫోకల్ లెంగ్త్ పెరుగుతుంది. పెట్టె మీద రాసే అంకెలు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి కాబట్టి ఇదొక్కటే రుజువు కాదు గానీ, అనుమానించడానికి సరిపోయేది.

చివరికి ఒక మధ్యాహ్నం అన్నీ విప్పి బల్ల మీద పరిచి డిజిటల్ కాలిపర్ (రెండు దవడల మధ్య పట్టి కొలిచే పరికరం) తీశాను. కెమెరా సరే. డ్రాయర్ 21.0, సరే. ఆ 16.5 రింగుని ఈ చివర నుంచి ఆ చివరకి పట్టుకుంటే 16.5 చూపించింది. ఇదీ సరేననుకుని పక్కన పెట్టబోతుంటే, కాలిపర్ ఒక దవడ మర కొస మీద ఉందని కనిపించింది. మగ మర పొడవు 4 మి.మీ. అది బిగించాక పక్క భాగంలోకి దూరిపోతుంది, దూరానికి కలవదు. అంచు నుంచి అంచుకి పట్టుకుంటే 12.5! అంటే మొత్తం 55 కాదు, 51. పైగా డ్రాయర్‌లో 2 మి.మీ. మందం ఫిల్టర్ ఉంది. గాజు కాంతిమార్గంలో ఉంటే దాని మందంలో సుమారు మూడోవంతు దూరం అదనంగా ఇవ్వాలి, అంటే మరో 0.7. ఇన్నాళ్లూ దాదాపు 4.7 మి.మీ. తక్కువతో ఫొటోలు తీస్తున్నానన్నమాట.

నిజమైన 16.5 రింగు, కొన్ని పల్చటి షిమ్‌లు (దూరాన్ని కొద్దికొద్దిగా పెంచే రింగులు) వేరే చోట కొన్నాను. డెనెబ్ నక్షత్రం చుట్టుపక్కల చుక్కలు కిక్కిరిసి ఉంటాయి, అటు తిప్పి 30 సెకన్ల ఫొటోలు తీశాను. ప్రతి మార్పుకీ ఫోకస్ మళ్లీ చేయాల్సిందే, లేకపోతే దేన్ని చూస్తున్నామో తెలీదు. 55.7 దగ్గర మూలలు దాదాపు గుండ్రమయ్యాయి, 56 దగ్గర ఇంకాస్త నయం. నాకు 56 కుదిరింది, మీ దానికి 55.5 కుదరొచ్చు.

అసలీ 55 ఎక్కడిదంటే, 1957లో టామ్రాన్ కంపెనీ తెచ్చిన టీ-మౌంట్‌ది (కెమెరాకి లెన్సు తగిలించే మర పద్ధతి). కెనాన్ ఈఎఫ్ కెమెరాలో సెన్సర్ 44 మి.మీ. లోపల, దాన్ని టీ-మౌంట్‌కి కలిపే టీ-రింగు 11, మొత్తం 55. నికాన్ ఎఫ్‌కి 46.5, 8.5. అది అలవాటై ఇప్పుడు ప్రతి ప్రకటనలో 55 అనే రాస్తున్నారు. కానీ ‘ఏ రిఫ్రాక్టర్‌కైనా (కటకాల టెలిస్కోప్) సరిపోయే’ ఫ్లాట్‌నర్లకి (మూలల్లోనూ చుక్కలు గుండ్రంగా వచ్చేలా చేసే కటకాలు) టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ని బట్టి దూరం మారుతుంది. వాటికి పట్టిక ఇవ్వాలి. ఒకే అంకె రాశారంటే అక్కడే ఆగండి. (ఫ్లాట్‌నర్ లోపలే ఉండే పెట్జ్‌వాల్ రకం టెలిస్కోప్ కొన్నవాళ్లకి రెడ్యూసర్ తగిలించేదాకా ఈ గొడవ లేదు, అదృష్టవంతులు.)

డబ్బు కట్టేముందు కొలతల బొమ్మ పంపమనండి. 55ని రెడ్యూసర్ వెనక అంచు నుంచి కొలిచారా, మర కొస నుంచా, ఫిల్టర్‌ని లెక్కలో వేశారా లేదా అని రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో చెప్పింది గడువు దాటాక ఎవరికీ గుర్తుండదు.

మర కొలత కూడా అడగండి. ఎమ్42లో (42 మి.మీ. వ్యాసం మర) 0.75 మి.మీ. పిచ్ (మర చుట్ల మధ్య దూరం) ఉంది, పాత స్క్రూ లెన్సుల 1 మి.మీ. పిచ్ కూడా ఉంది. రెండూ ఒకదానిలో ఒకటి ఒకటిన్నర చుట్టు తిరిగి పట్టేస్తాయి, బలవంతం చేస్తే మర పాడైపోతుంది. మగ మర మరీ పొడుగైతే రెడ్యూసర్ వెనక గాజుని తాకే ప్రమాదం కూడా ఉంది, మొదటిసారి బిగించేటప్పుడు మెల్లగా తిప్పండి.

పెట్టె రాగానే, మబ్బులున్నా సరే, అన్ని రింగులూ కొలిచేయండి. దానికి ఆకాశం అక్కర్లేదు. నేనా పని మొదటి రోజే చేసుంటే సామాను వాపసు పోయేది.

ఆ కిట్ ప్రకటన ఇప్పటికీ ఉంది, ‘కొలిచి చూపించాం’ అని ఫొటోతో సహా. ఫొటోని పెద్దది చేసి చూడండి. కాలిపర్ దవడ మర కొస మీదే ఉంది.