పశువుల పాక బొమ్మల సెట్టు: అన్నీ బాగున్నాయి, తొట్టి తప్ప

క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాలు ఎదురుచూపుగా పాటించే ఆగమన కాలం మొదటి ఆదివారానికి రెండు రోజుల ముందు, విజయవాడలో భక్తి సామగ్రి అమ్మే ఒక దుకాణంలో 2,400 రూపాయలు పెట్టి యేసు జననాన్ని చూపే పదకొండు బొమ్మల పశువుల పాక సెట్టు కొన్నాను. మా ఇంట్లోని పాత ప్లాస్టర్ బొమ్మలు రంగు వెలిసి, యోసేపు చేతికర్రతో పాటు గొర్రె చెవులు కూడా విరిగిపోవడంతో కొత్తవి కొనక తప్పలేదు. పండుగ రోజులన్నీ గడిచి, బొమ్మలను మళ్లీ పెట్టెలో సర్దిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

రెసిన్‌తో పోతపోసిన ఈ బొమ్మలు సుమారు ఆరంగుళాల ఎత్తున్నాయి. మరియమ్మ నీలి పైవస్త్రం మడతలూ, కాపరి భుజాన ఉన్న గొర్రెపిల్లా చూడముచ్చటగా ఉన్నాయి. దేవదూతను పాక కప్పుకు తగిలించే తీగ మాత్రం మొదటి రోజే వంగిపోయింది. పెట్టెలో ఇచ్చిన ప్లాస్టిక్ గడ్డిని నేను వాడలేదు. డిసెంబరులో వరికోతలు ముగిసి కొత్త గడ్డి దొరికే ప్రాంతంలో దాని అవసరమేమిటో అర్థం కాదు.

ఈ సెట్టులో నాకు అన్నిటికంటే నచ్చినవి, బాలయేసును చూడడానికి తూర్పు నుంచి కానుకలతో వచ్చిన జ్ఞానుల బొమ్మలు. జ్ఞానులు ఎందరో మత్తయి సువార్త చెప్పలేదు. కానుకలు మూడు కాబట్టి వారిని ముగ్గురిగా లెక్కించడం సంప్రదాయమైంది. చాలా సెట్లలో ముగ్గురి చేతుల్లోనూ ఒకే రకం డబ్బా కనిపిస్తుంది. ఇక్కడ మాత్రం వృద్ధుని చేతిలో బంగారపు పెట్టె, నడివయస్కుని చేతిలో గొలుసులతో వేలాడే ధూపపాత్ర, యువకుని చేతిలో మూత బిగించిన బోళపు (సువాసన గల చెట్టుబంక) భరిణె ఉన్నాయి. బంగారం రాజుకు, సాంబ్రాణి దేవునికి, బోళం సమాధి చేయబోయే దేహానికి గుర్తులని పెద్దలు చెబుతారు. ఆ తేడా బొమ్మల్లోనే కనబడడం వల్ల పిల్లలకు వివరించడం తేలికైంది. సాంబ్రాణి అనగానే మా మనవరాలు తన చెల్లెలికి స్నానం తరువాత వేసే పొగను గుర్తు చేసుకుంది. ఆ పోలికను నేను సరిదిద్దలేదు.

ఎద్దునూ గాడిదనూ శిశువును పడుకోబెట్టిన మేత తొట్టి వైపు తల వంచినట్లు మలచడం కూడా తెలిసి చేసిన పనే. లూకా సువార్తలో తొట్టి ఉంది గాని ఈ రెండు జంతువులు లేవు. ఎద్దు తన యజమానిని, గాడిద తన యజమాని తొట్టిని గుర్తించినా ప్రజలు మాత్రం దేవుణ్ణి గుర్తించలేదని వాపోయే యెషయా ప్రవచనంలోంచి అవి పాకలోకి వచ్చాయి.

ఇంత శ్రద్ధ చూపిన తయారీదారు, పొత్తిగుడ్డల్లోని బాలయేసును తొట్టికి కదలకుండా అతికించేశాడు. నా అసలు అభ్యంతరం ఇదే. ఆగమన కాలమంతా తొట్టిని ఖాళీగా ఉంచి, డిసెంబరు 24 అర్ధరాత్రి పూజ నుంచి వచ్చాక ఇంట్లో అందరికంటే చిన్నవారి చేత శిశువును అందులో పడుకోబెట్టించడం మా ఇంటి ఆచారం. చాలా కతోలిక కుటుంబాల్లో ఇదే పద్ధతి. ఆ నాలుగు వారాల ఎదురుచూపు ఖాళీ తొట్టిలోనే కనిపిస్తుంది. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో పునీతుడు అస్సీసి ఫ్రాన్సిస్ ఏర్పాటు చేసిన పాకలో గడ్డి పరచిన తొట్టి, సజీవమైన ఎద్దు, గాడిద ఉన్నాయే తప్ప శిశువు బొమ్మ లేదు. తొట్టిలో శిశువు నిద్రిస్తున్నట్లు అక్కడున్న ఒక భక్తునికి కనిపించిందని ఫ్రాన్సిస్ జీవితచరిత్ర రాసిన సెలానో థామస్ పేర్కొన్నాడు.

దుకాణదారుణ్ణి అడిగితే, విడిగా ఇచ్చిన చిన్న బొమ్మను పిల్లలు పోగొడుతున్నారని ఫిర్యాదులు రావడంతో అతికించిన సెట్లే తెప్పిస్తున్నామని చెప్పాడు. అందులో నిజం లేకపోలేదు. పదునైన కత్తితో విడదీయబోయాను గాని, మడమ దగ్గర రంగు లేచిపోతుండడంతో మానుకున్నాను. చివరకు తొట్టి మొత్తాన్ని బీరువాలో దాచి, దాని స్థానంలో గడ్డి నింపిన మట్టి ప్రమిదను పెట్టాము. జ్ఞానులు మాత్రం విడిగానే ఉన్నారు కాబట్టి, వారిని కిటికీ గట్టు మీంచి రోజుకు కొంచెం జరుపుతూ, వారి రాకను స్మరించే పండుగైన జనవరి 6 నాటికి పాక చేర్చగలిగాము.

అలంకరణ కోసమే కొనేవారికి ఈ సెట్టు ఆ ధరకు తగినదే. ఆగమన కాలాన్ని ఇంట్లో పాటించేవారు మాత్రం డబ్బు చెల్లించే ముందు పెట్టె విప్పించి, శిశువును తొట్టిలోంచి ఎత్తి చూడాలి.